గొంతుగడ్డ ఆపరేషన్ తర్వాత నివేదికలో ఊహించని మాట

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న రావిర్యాలలోనైనా, ఇబ్రహీంపట్నం ప్రాంతపు ఇతర పల్లెల్లోనైనా మెడ ముందుభాగంలో వాపు గల స్త్రీలు కనిపించడం వింతేమీ కాదు. చాలామంది ఆ వాపును ఏళ్ల తరబడి భరిస్తారు. నొప్పి ఉండదు, ఇంటిపనికి అడ్డురాదు, ఓఢ్నీ కప్పుకుంటే ఎవరి కంటా పడదు. ముద్ద మింగడం కష్టమైనప్పుడో, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడనప్పుడో ఇక తప్పదని హైదరాబాదుకు బయలుదేరుతారు. పరీక్షలు జరుగుతాయి. "ఇది క్యాన్సర్ కాదు, మామూలు గడ్డే. పెద్దదైంది కనుక తీసివేయడం మంచిది" అని వైద్యులు చెబుతారు. శస్త్రచికిత్స జరుగుతుంది, గాయం మానుతుంది, రోగి ఇంటికి చేరుతుంది.

వారం పది రోజుల తర్వాత మరొక కాగితం వస్తుంది. తీసివేసిన గ్రంథిని పలుచని ముక్కలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద పరిశీలించి పాథాలజిస్టు రాసిన నివేదిక అది. కొన్ని నివేదికల్లో ఎవరూ ఎదురుచూడని మాట ఒకటి ఉంటుంది: 'పాపిల్లరీ మైక్రోకార్సినోమా'. అంటే ఆ గ్రంథిలో ఎక్కడో ఒక మూల అతి చిన్న క్యాన్సర్ ఉన్నదని అర్థం. క్యాన్సర్ కాదనే నమ్మకంతో తీసిన థైరాయిడ్ గ్రంథిలో ఇలా అనుకోకుండా బయటపడేదాన్ని వైద్యులు యాదృచ్ఛిక థైరాయిడ్ క్యాన్సర్ అంటారు. గలగండానికి, అంటే గాయిటర్‌కు జరిగే శస్త్రచికిత్సలలో ఇది నూటికి ఎందరిలో బయటపడుతుందన్న ప్రశ్నకు వివిధ దేశాల పరిశోధనలు వేర్వేరు సంఖ్యలు చెబుతున్నాయి. కొన్నిచోట్ల ముగ్గురు నలుగురిలో, మరికొన్నిచోట్ల పది పదిహేను మందిలో కనిపించింది.

ఆ మాట ఇంట్లో అడుగుపెట్టగానే మూడు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. కొందరు ప్రాణం పోయినట్లే భావించి, అవసరం లేని చికిత్సకు సైతం అప్పు చేసి పరుగెత్తుతారు. కొందరు ఆ సంగతి రోగికి తెలియకుండా దాచిపెడతారు. మరికొందరు అసలు నివేదిక తెచ్చుకోవడానికే వెళ్లరు. గడ్డ పోయింది కదా, ఇక ఆ కాగితంతో పనేమిటని అనుకుంటారు. ఈ మూడింటిలో ఏది జరిగినా నష్టపోయేది ఆ రోగే. కాబట్టి ఈ విషయం ప్రతి ఇంట్లో ముందుగానే తెలిసి ఉండటం మేలు.

గ్రంథి, ఉప్పు, ఒక తెలుగు వైద్యుడు

థైరాయిడ్ గ్రంథి కంఠమణికి కాస్త దిగువన, శ్వాసనాళానికి ముందు, సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. పెద్దవారిలో దీని బరువు సుమారు 20 గ్రాములు. శరీరంలోని ప్రతి కణం ఎంత వేగంగా పనిచేయాలో నిర్ణయించే హార్మోన్లను ఇది తయారుచేస్తుంది. ఆ తయారీకి అయోడిన్ ముడిసరుకు. ఆహారంలో అయోడిన్ చాలనప్పుడు, దొరికిన కాస్త అయోడిన్‌ను పట్టుకోవడానికి గ్రంథి తన పరిమాణాన్ని పెంచుకుంటుంది. అదే గలగండం. కాలక్రమాన దానిలో ఒకటి కంటే ఎక్కువ గడ్డలు ఏర్పడతాయి.

భారతదేశంలో ఈ వ్యాధిని అదుపులోకి తెచ్చిన కృషిలో ఒక తెలుగు వైద్యుడి పేరు ముందు నిలుస్తుంది. 1921లో శ్రీకాకుళంలో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో సహచరులతో కలిసి ఒక పరిశోధన ప్రారంభించారు. లోయను మూడు భాగాలుగా విభజించి, రెండు భాగాల ప్రజలకు అయోడిన్ కలిపిన ఉప్పును, మూడవ భాగానికి మామూలు ఉప్పును అందజేశారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న రెండు ప్రాంతాల పిల్లల్లో గలగండం గణనీయంగా తగ్గింది. మామూలు ఉప్పు తిన్న ప్రాంతంలో తగ్గలేదు. ఆ ఫలితాల ఆధారంగా 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ఆరంభమైంది. నేడు మన వంటింటి డబ్బాలో ఉన్న అయోడిన్ ఉప్పు వెనుక ఉన్న చరిత్ర ఇదే.

ఈ సందర్భంగా ఒక అపోహను తొలగించాలి. థైరాయిడ్‌లో గడ్డ ఉన్నదని తెలియగానే కొందరు అయోడిన్ ఉప్పు మానేసి రాళ్ల ఉప్పు వాడటం మొదలుపెడతారు. వైద్యుడు ప్రత్యేకంగా చెబితే తప్ప అలా చేయరాదు. అయోడిన్ కొరత ఉన్న ప్రాంతాల్లో ఫాలిక్యులర్ రకం క్యాన్సర్ పాలు ఎక్కువగా ఉంటుంది. అయోడిన్ సరిపడా లభించే ప్రాంతాల్లో పాపిల్లరీ రకం పాలు పెరుగుతుంది. ఈ రెండింటిలో సాధారణంగా మెతకగా నడిచేది పాపిల్లరీయే. ఉప్పు మానేయడం వల్ల క్యాన్సర్ భయం తీరకపోగా, గర్భిణుల కడుపులోని బిడ్డల మెదడు ఎదుగుదలకు హాని కలిగే ప్రమాదం ఉన్నది.

జహ్రావీ గుర్తించిన తేడా

మెడ మీది వాపు పైకి ఒకేలా కనిపించినా లోపల ఉన్నది ఒకటే కాదన్న ఎరుక కొత్తది కాదు. కార్డోబా సమీపంలోని అల్ జహ్రా నగరానికి చెందిన వైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ (మరణం 1013) తన 'అత్తస్రీఫ్' అనే ముప్పై భాగాల వైద్య గ్రంథంలో గొంతు ముందు పెరిగే వాపు గురించి ప్రత్యేకంగా రాశారు. అది స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుందని గమనించారు. కొన్ని వాపుల జోలికి పోకూడదని, రక్తనాళంతో ముడిపడిన వాటిని కోయడం ప్రాణాపాయమని, చిన్నవిగా ఉండి కొవ్వు గడ్డను పోలిన వాటిని మాత్రమే తీయవచ్చునని హెచ్చరించారు. కత్తి పట్టే ముందు ఏ వాపు ఎలాంటిదో విచారించాలన్నది ఆయన బోధ సారాంశం.

ఆ తర్వాత కూడా శతాబ్దాల పాటు థైరాయిడ్ శస్త్రచికిత్స భయంకరమైనదిగానే మిగిలింది. రక్తస్రావంతో, చీముతో రోగులు మరణించేవారు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగర వైద్యుడు థియోడర్ కోకర్ నెమ్మదైన, శుభ్రమైన పద్ధతితో ఆ మరణాలను నూటికి ఒకటి కంటే తక్కువకు తగ్గించగలిగారు. అందుకు 1909లో నోబెల్ బహుమతి పొందారు. గ్రంథిని పూర్తిగా తీసివేస్తే మనిషి మందకొడిగా మారి, ఉబ్బిపోయి, కుంగిపోతాడని 1883లో లోకానికి వెల్లడించినవారు కూడా ఆయనే. అందుకే నేడు గ్రంథి మొత్తం తీసివేసిన ప్రతి రోగికీ జీవితాంతం థైరాక్సిన్ మాత్ర ఇస్తారు.

ముందే ఎందుకు తెలియలేదు?

"ఆపరేషన్‌కు ముందు సూది పరీక్ష చేశారు, స్కానింగ్ చేశారు, రక్తపరీక్షలూ చేశారు. అప్పుడు క్యాన్సర్ లేదన్నారు. ఇప్పుడు ఉందంటున్నారు. వైద్యులు మోసం చేశారా?" అని అనేక కుటుంబాలు అడుగుతాయి. చాలా సందర్భాలలో ఇది మోసమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు. పరీక్షకు ఉన్న పరిమితి మాత్రమే.

సూది పరీక్షలో సన్నని సూదితో గడ్డలోని కొన్ని కణాలను మాత్రమే బయటికి తీస్తారు. ఐదారు గడ్డలున్న గ్రంథిలో పెద్దదాన్ని గానీ, స్కానింగ్‌లో అనుమానం కలిగించినదాన్ని గానీ ఎంచుకుంటారు. యాదృచ్ఛిక క్యాన్సర్ సాధారణంగా ఆ పెద్ద గడ్డలో ఉండదు. మరొక చోట, కొన్నిసార్లు రెండవ వైపు రెక్కలో, రెండు మూడు మిల్లీమీటర్ల చుక్కగా దాగి ఉంటుంది. జొన్న గింజ కంటే చిన్నదైన దాన్ని సూది తాకకపోవడం సహజం. ఇక రక్తంలో టీఎస్‌హెచ్, టీ3, టీ4 పరీక్షలు గ్రంథి ఎలా పనిచేస్తున్నదో చెబుతాయే గాని క్యాన్సర్ ఉన్నదో లేదో చెప్పవు. ఆ రక్తపరీక్షలన్నీ మామూలుగా ఉన్నవారిలోనూ క్యాన్సర్ ఉండవచ్చు.

ఎవరిలో అవకాశం ఎక్కువ?

మొదట ఒక ఊరట. థైరాయిడ్‌లో ఏర్పడే పది గడ్డలలో దాదాపు తొమ్మిది క్యాన్సర్ కావు. అయినా కొందరి విషయంలో శస్త్రచికిత్సకు ముందే మరింత శ్రద్ధ అవసరం. ఈ కింది విషయాలలో ఏది ఉన్నా అడగకపోయినా వైద్యుడికి చెప్పాలి.

బాల్యంలో మెడకు, తలకు రేడియేషన్ తగలడం అన్నిటికంటే స్పష్టంగా నిరూపితమైన కారణం. గత శతాబ్దపు తొలి సగంలో అమెరికాలో టాన్సిళ్ల వాపుకూ, మొటిమలకూ కూడా ఎక్స్‌రే చికిత్స చేసేవారు. ఆ పిల్లల్లో అనేకులకు పెద్దయ్యాక థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం తర్వాత రేడియోధార్మిక అయోడిన్ చేరిన పాలు తాగిన పిల్లల్లో వేలమంది దీని బారినపడ్డారు. చిన్నతనంలో ఏదైనా క్యాన్సర్‌కు మెడ ప్రాంతంలో రేడియేషన్ చికిత్స తీసుకున్నవారు ఆ విషయం మరువకుండా చెప్పాలి.

రెండవది కుటుంబ చరిత్ర. తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానంలో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే జాగ్రత్త పెరగాలి. మెడుల్లరీ అనే అరుదైన రకం కొన్ని కుటుంబాలలో జన్యువు ద్వారా తరతరాలకు సంక్రమిస్తుంది. దాన్ని రక్తంలో కాల్సిటోనిన్ పరీక్షతోనూ, జన్యుపరీక్షతోనూ పసిగట్టవచ్చు.

మూడవది వయస్సు, లింగం. థైరాయిడ్ వ్యాధులు స్త్రీలలో చాలా ఎక్కువ, థైరాయిడ్ క్యాన్సర్ కూడా స్త్రీలలోనే ఎక్కువ. అయితే పురుషునికి గడ్డ వచ్చినప్పుడు అది క్యాన్సర్ అయ్యే అవకాశం స్త్రీతో పోలిస్తే ఎక్కువ. అందువల్ల ఇది ఆడవారి జబ్బని మగవారు తమ మెడ మీది గడ్డను ఉపేక్షించరాదు. ఇరవై ఏళ్ల లోపు వారిలోనూ, బాగా వయసు మళ్లినవారిలోనూ కనిపించే గడ్డలను మరింత నిశితంగా చూడాలి.

నాలుగవది గ్రంథి పనితీరు. హార్మోన్‌ను అధికంగా ఉత్పత్తి చేసే గడ్డలో క్యాన్సర్ ఉండటం అరుదు. ఒకప్పుడు అలాంటి రోగికి క్యాన్సర్ రానే రాదని భావించేవారు. ఇప్పుడు ఆ నమ్మకం సడలింది. హార్మోన్ అధికంగా ఉన్న గ్రంథిలోనూ అప్పుడప్పుడు చిన్న క్యాన్సర్ కనిపిస్తున్నది. మొత్తం మీద మాత్రం హార్మోన్ మామూలుగా ఉన్న బహుళ గడ్డల గాయిటర్‌లోనే ఇలాంటివి ఎక్కువగా బయటపడుతున్నాయి. రక్తంలో టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉండటం కూడా అనుమానాన్ని కొంత పెంచుతుంది.

ఐదవది హషిమోటో థైరాయిడైటిస్. శరీరంలోని రక్షణ కణాలే తమ గ్రంథి మీద దాడి చేసే జబ్బు ఇది. శస్త్రచికిత్స జరిగిన రోగుల లెక్కల్లో హషిమోటోతో పాటు పాపిల్లరీ క్యాన్సర్ తరచుగా కనిపించింది. ఒకటి మరొకదానికి కారణమా కాదా అన్న విషయంలో పరిశోధకుల మధ్య ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.

ఆరవది స్కానింగ్‌లో కనిపించే గుర్తులు. గడ్డలో సుద్దపొడి చల్లినట్లు సూక్ష్మమైన సున్నపు చుక్కలు, అంచులు క్రమం తప్పి ఉండటం, వెడల్పు కంటే లోతు ఎక్కువగా ఉండటం, చుట్టూ ఉన్న కణజాలం కంటే నల్లగా కనిపించడం అనుమానం కలిగించే లక్షణాలు. మెడ పక్కన లింఫ్ గ్రంథులు ఉబ్బి ఉంటే అనుమానం మరింత పెరుగుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటున్నది. గడ్డ ఎంత పెద్దదైతే క్యాన్సర్ భయం అంత ఎక్కువని భావిస్తారు. యాదృచ్ఛిక క్యాన్సర్ విషయంలో ఈ లెక్క పనిచేయదు. కొబ్బరికాయంత గాయిటర్ పూర్తిగా నిరపాయమైనది కావచ్చు, చిన్న గ్రంథిలోనే ఆ చుక్క దాగి ఉండవచ్చు. ఇంకొక సంగతి కూడా గ్రహించాలి. గ్రంథిని ఎంత ఎక్కువగా తీస్తే, పాథాలజిస్టు ఎన్ని ఎక్కువ ముక్కలుగా కోసి చూస్తే అంత ఎక్కువగా ఈ చిన్న క్యాన్సర్లు దొరుకుతాయి. దేశదేశాల సంఖ్యల మధ్య ఉన్న తేడాకు ఇదీ ఒక ముఖ్య కారణం.

దొరికినదంతా ప్రాణాంతకం కాదు

ఫిన్లాండ్ దేశంలో 1985లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ అంశాన్ని ఆశ్చర్యకరంగా వెల్లడించింది. థైరాయిడ్ జబ్బుతో సంబంధం లేని ఇతర కారణాలతో మరణించిన 101 మంది గ్రంథులను అతి సన్నని పొరలుగా కోసి పరిశీలిస్తే, 36 మందిలో చిన్న పాపిల్లరీ క్యాన్సర్ కనిపించింది. వారు జీవించినంత కాలం దాని ఉనికి వారికి తెలియలేదు. అది వారికి ఏ బాధా కలిగించలేదు.

దక్షిణ కొరియా అనుభవం మరొక పాఠం. అక్కడ 1999 తర్వాత ప్రభుత్వ క్యాన్సర్ పరీక్షల కార్యక్రమంతో పాటు, కొద్దిపాటి రుసుముతో మెడ స్కానింగ్ చేయించుకోవడం అలవాటైంది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నమోదు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయింది. ఆ ఒక్క ఏడాదే నలభై వేల మందికి పైగా రోగులుగా నిర్ధారణ అయ్యారు. వారిలో అత్యధికులకు శస్త్రచికిత్స జరిగింది. అయినా థైరాయిడ్ క్యాన్సర్ మరణాల సంఖ్య తగ్గలేదు, పెరగలేదు. ప్రాణం తీయని క్యాన్సర్లను వెదికి వెదికి తీసివేశారని దీని అర్థం. 2014లో ఆ దేశ వైద్యులే ఈ అతిపరీక్షను బహిరంగంగా విమర్శించారు. ఒక్క ఏడాదిలోనే ఆ శస్త్రచికిత్సలు మూడవ వంతుకు పైగా తగ్గాయి.

జపాన్‌లోని కోబే నగరంలో ఉన్న కుమా ఆసుపత్రి వైద్యులు 1993 నుంచి మరొక మార్గం అనుసరించారు. సెంటీమీటరు లోపు పాపిల్లరీ క్యాన్సర్ ఉన్న రోగులకు శస్త్రచికిత్స చేయకుండా, క్రమం తప్పక స్కానింగ్ చేస్తూ గమనించే పద్ధతిని వారికి ఇచ్చారు. పదేళ్లలో నూటికి ఎనిమిది మందిలో మాత్రమే గడ్డ పెరిగింది. లింఫ్ గ్రంథులకు పాకింది నూటికి నలుగురి కంటే తక్కువ మందిలో. అలాంటి వారికి అప్పుడు శస్త్రచికిత్స చేశారు, వారు కూడా కోలుకున్నారు.

ఈ మూడు దేశాల అనుభవం చెప్పేది ఒకటే. గలగండం కోసం తీసిన గ్రంథిలో, అందులోనూ గ్రంథి హద్దు దాటని చిన్న పాపిల్లరీ క్యాన్సర్ కనిపిస్తే, చాలామందిలో అది దొరికిన నాటికే తీసివేయబడి ఉంటుంది. ఆ మాట చదివి ఇల్లంతా శోకంలో మునగవలసిన అవసరం లేదు. అలాగని ఆ కాగితాన్ని పక్కన పడేయడం కూడా తగదు. కొద్దిమందిలో అది నిజంగా రెండవ అడుగు వేయవలసిన స్థితిలో ఉంటుంది. ఆ తేడా తేల్చేది నివేదికే.

నివేదికలో ఏమి చూడాలి?

నివేదికను తెచ్చుకొని శస్త్రచికిత్స చేసిన వైద్యుడి ముందు పెట్టి ఈ ప్రశ్నలు అడగండి. క్యాన్సర్ ఏ రకం, పాపిల్లరీయా, ఫాలిక్యులరా, మెడుల్లరీయా? దాని పరిమాణం ఎన్ని మిల్లీమీటర్లు? ఒకే చోట ఉన్నదా, అనేక చోట్ల ఉన్నదా? గ్రంథి పొరను దాటి బయటికి వచ్చిందా? రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయిందా? కోసిన అంచు శుభ్రంగా ఉన్నదా? లింఫ్ గ్రంథులలో కణాలు కనిపించాయా? పాపిల్లరీలోనే 'టాల్ సెల్' వంటి దూకుడైన ఉపరకమా?

ఒక రెక్క మాత్రమే తీసి, అందులో ఒకే చోట సెంటీమీటరు లోపు పాపిల్లరీ క్యాన్సర్ ఉండి, పై ప్రశ్నలన్నింటికీ జవాబు ఊరట కలిగించేదైతే, రెండవ రెక్కను తీసే మరో శస్త్రచికిత్స సాధారణంగా అవసరం లేదని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాంటి వారికి రేడియో అయోడిన్ చికిత్స కూడా సాధారణంగా అవసరం ఉండదు. మెడ స్కానింగ్‌తో, రక్తపరీక్షలతో క్రమం తప్పని పర్యవేక్షణ చాలు. జవాబులు భిన్నంగా ఉన్నప్పుడు మిగిలిన భాగం తీయడమా, రేడియో అయోడిన్ ఇవ్వడమా అన్నది నిపుణులు నిర్ణయిస్తారు.

2016లో మరొక మార్పు వచ్చింది. అంతవరకు పాపిల్లరీ క్యాన్సర్‌లో ఒక రకంగా లెక్కించిన, పొర దాటని ఒక గడ్డకు అంతర్జాతీయ నిపుణులు 'క్యాన్సర్' అనే పేరు తొలగించి ఎన్‌ఐఎఫ్‌టీపీ అని నామకరణం చేశారు. అది పూర్తిగా తీసివేస్తే మళ్లీ రావడం అత్యంత అరుదు. పాత నివేదిక మీద సందేహం ఉన్నవారు ఆసుపత్రి నుంచి గాజు పలకలను, మైనపు దిమ్మెలను తీసుకొని మరొక పాథాలజిస్టుకు చూపించవచ్చు. ఇది రోగి హక్కు, వైద్యుణ్ణి అవమానించడం కాదు. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో 1955లో ఏర్పడి, మెహదీ నవాజ్ జంగ్ పేరుతో నడుస్తున్న ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్ వంటి సంస్థలు రెండవ అభిప్రాయానికి అందుబాటులో ఉన్నాయి. ఖర్చు విషయంలో ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను ముందుగానే అడగాలి.

రెండవ ఆపరేషన్ అంటే భయమెందుకు?

అవసరమైన శస్త్రచికిత్సను వాయిదా వేయరాదు, అవసరం లేనిదాన్ని చేయించుకోరాదు. థైరాయిడ్ వెనుక గొంతు పలుకుకు సంబంధించిన నరాలు, కాల్షియంను నియంత్రించే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. ఒకసారి కోసిన చోట మళ్లీ కోయడం కష్టం. నరం దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. పారాథైరాయిడ్ దెబ్బతింటే వేళ్ల చివరలు, పెదవుల చుట్టూ తిమ్మిరి పట్టి, కండరాలు బిగుసుకుపోతాయి. అటువంటి లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇబ్రహీంపట్నం ప్రాంతంలో శస్త్రచికిత్స అంటే ప్రజలకు ఉన్న జంకు కూడా కారణం లేనిది కాదు. 2022 ఆగస్టులో అక్కడ జరిగిన కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల శిబిరం తర్వాత నలుగురు మహిళలు మరణించారు. ఆ విషాదం తర్వాత ఆపరేషన్ మాట వినగానే కుటుంబాలు వెనుకాడటం అర్థం చేసుకోదగినదే. అయితే ఆ భయాన్ని వైద్యం మానుకోవడానికి గాక, సరైన ప్రశ్నలు అడగడానికి ఉపయోగించుకోవాలి. థైరాయిడ్ శస్త్రచికిత్సలు తరచుగా చేసే వైద్యుణ్ణి ఎంచుకోవడం, ఆపరేషన్‌కు ముందు స్వరపేటిక పరీక్ష, కాల్షియం పరీక్ష గురించి అడగడం, ఒక రెక్క తీస్తారా రెండూ తీస్తారా అన్నది ముందే తెలుసుకోవడం వివేకం.

ఇంటి పెద్దల బాధ్యత

మన కుటుంబాలలో ఒక అలవాటున్నది. క్యాన్సర్ అనే మాట రోగికి చెబితే తట్టుకోలేదని భర్తో, కొడుకో ఆ కాగితాన్ని బీరువాలో దాచిపెడతాడు. పెళ్లి కావలసిన అమ్మాయి అయితే నిజం మరింత లోతుకు వెళుతుంది. సంబంధం తప్పిపోతుందని తల్లిదండ్రులు చుట్టాల దగ్గర నోరు విప్పరు, చివరికి అమ్మాయికి కూడా చెప్పరు. ఫలితం ఏమిటి? ఆరు నెలలకు చేయించవలసిన స్కానింగ్ జరగదు. మాత్ర మోతాదు సరిచూసే వైద్యుడికి అసలు సంగతి తెలియదు. నికాహ్ జరిగి గర్భం దాల్చాక కొత్త వైద్యురాలు అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండదు.

గ్రంథి హద్దు దాటని పాపిల్లరీ క్యాన్సర్‌కు చికిత్స పొందినవారిలో ఐదేళ్లు దాటి జీవించేవారు నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా ఉంటారు. ఇటువంటి జబ్బు వివాహానికి గానీ, మాతృత్వానికి గానీ ఆటంకం కాదు. రేడియో అయోడిన్ ఇచ్చిన సందర్భంలో మాత్రం కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి, పాలిచ్చే తల్లి చికిత్సకు ముందుగానే బిడ్డకు పాలు మాన్పించాలి, వైద్యులు చెప్పినన్ని రోజులు పసిపిల్లలకు దూరంగా ఉండాలి. గర్భం దాల్చగానే థైరాక్సిన్ మోతాదు పెంచవలసి ఉంటుంది కాబట్టి వెంటనే పరీక్ష చేయించాలి. ఈ జాగ్రత్తలన్నీ నిజం తెలిసిన స్త్రీయే పాటించగలదు. ఆమె శరీరానికి సంబంధించిన సత్యాన్ని ఆమెకు తెలియజేయడం దయ, దాచడం దయ కాదు.

ఓఢ్నీ, బుర్ఖా ధరించే మన స్త్రీల విషయంలో మరొక సూచన. మెడ ఎప్పుడూ కప్పి ఉండటం వల్ల వాపు ఇంట్లోవారి కంట పడటం ఆలస్యమవుతుంది. నెలకొకసారి అద్దం ముందు నిలబడి, తల కాస్త వెనక్కి వాల్చి, ఒక గుక్క నీళ్లు మింగుతూ చూసుకోవాలి. మింగినప్పుడు పైకి కిందికి కదిలే ఉబ్బు కనిపిస్తే వైద్యురాలికి చూపించాలి. గడ్డ త్వరత్వరగా పెరుగుతున్నా, రాయిలా గట్టిగా ఉన్నా, గొంతు బొంగురుపోయినా, మెడ పక్కన బిళ్లలు తగిలినా జాప్యం చేయరాదు. ఏ లక్షణమూ లేనివారు మాత్రం కేవలం భయంతో మెడ స్కానింగ్ చేయించుకోవలసిన పని లేదు. దక్షిణ కొరియా నేర్పినది అదే.

రమజాన్‌లో మాత్ర ఎప్పుడు?

గ్రంథి తీసివేసినవారు ప్రతి రమజాన్‌కు అడిగే ప్రశ్న ఇది. థైరాక్సిన్ మాత్ర ఖాళీ కడుపున నీటితో వేసుకోవాలి. ఆ తర్వాత కనీసం అరగంట ఏమీ తినరాదు. ఉపవాస మాసంలో సహరీకి అరగంట ముందు లేచి మాత్ర వేసుకోవచ్చు. అది కుదరనివారు రాత్రి చివరి భోజనం తర్వాత మూడు గంటలు ఆగి, నిద్రకు ముందు వేసుకోవచ్చు. ఏ సమయం ఎంచుకున్నా నెలంతా అదే పాటించడం మేలు. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. సమయం మార్చే ముందు మీ వైద్యుణ్ణి సంప్రదించండి, పండుగ తర్వాత టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. ఉపవాసం పేరిట మాత్రను నెల రోజులు మానేయడం మాత్రం ప్రమాదకరం.

సోదర సోదరీమణులారా! మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ శస్త్రచికిత్స జరగబోతుంటే ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరే రోజునే ఒక ప్రశ్న అడగండి: "ముక్క పరీక్ష నివేదిక ఏ రోజు వస్తుంది?" ఆ తేదీని కాగితం మీద రాసుకోండి. ఆ రోజు రోగిని వెంటబెట్టుకొని వెళ్లండి. నివేదికను ఆమె సమక్షంలోనే వైద్యునితో చదివించి, నకలు ఒకటి ఇంట్లో భద్రపరచండి. గతంలో ఆపరేషన్ చేయించుకొని నివేదిక తెచ్చుకోనివారు ఉంటే, ఇప్పుడైనా ఆ ఆసుపత్రికి వెళ్లి పాత నంబరు చెప్పి అడగండి. ఆ కాగితంలో ఏమీ లేకపోతే మనసు కుదుటపడుతుంది. ఏదైనా ఉంటే, చేయవలసినది ఇంకా చేతిలో ఉన్న సమయంలోనే తెలుస్తుంది.